బొటనవేలి లెక్క

పల్నాడు చరిత్ర రాసినవాళ్ళలో చాలామంది కారంపూడి యుద్ధంతో మొదలుపెట్టి కన్నెగంటి హనుమంతు దగ్గర ఆపేస్తారు. మనమేమో ఆ చరిత్రలోంచి నాయకురాలు నాగమ్మను, మాంచాలను బయటికి తీసి మళ్ళీ చదువుకున్నాం. చెయ్యాల్సిన పనే. కానీ అదే నేల మీద రాళ్ళు కొట్టి, సున్నం కాల్చి, మిరపకాయలు కోసిన ఆడవాళ్ళ చేతులకు ఒక చరిత్ర ఉంది. అది కావ్యాల్లో దొరకదు. చట్టాల అనుబంధాల్లో, వేళ్ళకూ కళ్ళకూ శాతాలు కట్టిన పట్టికల్లో ఉంటుంది.

పుల్లరి కట్టనన్న హనుమంతును 1922లో కాల్చి చంపిన ప్రభుత్వమే మరుసటి ఏడాది వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం చేసింది. 1924 జులై 1 నుంచి అది అమలైంది. పనిలో, పని కారణంగా దెబ్బ తగిలితే యజమాని నష్టపరిహారం ఇవ్వాలి. అతని తప్పు నిరూపించనక్కర్లేదు. సాహిత్యం చదువుకున్న దానిని కాబట్టి నా కన్ను ముందు పేరు మీద పడింది. 'వర్క్‌మన్' అన్న మాట పోయి 'ఎంప్లాయీ' రావడానికి 2010 జనవరి దాకా పట్టింది. 2025 నవంబర్ 21న సామాజిక భద్రతా కోడ్ అమలులోకి రావడంతో ఆ చట్టమే అందులో కలిసిపోయింది. అంటే నూరేళ్ళ పైచిలుకు బతికిన చట్టంలో ఎనభై అయిదేళ్ళకు పైగా కష్టజీవి అంటే మగవాడే.

అలాగని ఆడవాళ్ళను వదిలేయలేదు. వాళ్ళను విడిగా తలుచుకున్న చోట్లు చూడండి. ఆధారితుల జాబితాలో భార్య మొదటి వరుసలో ఉంది, ఆమె నిరూపించుకోవాల్సిందేమీ లేదు. కూలి స్త్రీ చనిపోతే భర్త మాత్రం తాను ఆమె సంపాదన మీద ఆధారపడ్డానని చూపించాలి. ఆడదాని కూలి మీద ఇల్లు నడుస్తుందన్న ఊహే ఆ జాబితా రాసినవాళ్ళకు లేదు. ఇక ఎనిమిదో సెక్షన్. స్త్రీకి ఒకే మొత్తంగా ఇచ్చే పరిహారాన్ని యజమాని నేరుగా ఆమె చేతికి ఇవ్వకూడదు, కమిషనర్ దగ్గర జమ చెయ్యాలి. ఆ డబ్బును ఎట్లా వాడాలో కమిషనర్ చెప్పవచ్చు. ఆ వాక్యంలో ఆమె పక్కన ఉన్నదెవరు? మైనర్లు, మతిస్థిమితం లేనివాళ్ళు. చదివినప్పుడు ఒళ్ళు మండింది. ఊళ్ళలో జరిగే తతంగం తెలిశాక కోపం పూర్తిగా పోలేదు గానీ కొంచెం పక్కకు జరిగింది. ప్రమాదం జరిగిన మూడో రోజు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, ఇంత అని తేల్చి, తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని పంపేసే పద్ధతికి ఆ అవమానకరమైన సెక్షనే అడ్డం నిలబడింది. పరిహారాన్ని తగ్గించే ఒప్పందం చెల్లదని పదిహేడో సెక్షన్ అంది. రాజీ కాగితాన్ని కమిషనర్ దగ్గర రిజిస్టరు చెయ్యకపోతే యజమాని పూర్తి పరిహారం ఇవ్వాలనీ, ముందు ఇచ్చిన దాంట్లో సగానికి మించి మినహాయించుకోరాదనీ ఇరవై తొమ్మిదో సెక్షన్ అంది. ఈ ముక్క ఎంతమంది కూలీలకు చేరింది?

1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఆనకట్ట రాతికట్టడం. కుడిగట్టు మాచర్ల వైపు. పాలమూరు నుంచీ ఇంకెక్కడెక్కడి నుంచో వచ్చిన కూలీలు దాన్ని తలల మీద మోసి కట్టారు, అందులో ఆడవాళ్ళు లెక్కలేనంతమంది. ఆనకట్ట పని చట్టం పరిధిలోదే. కాంట్రాక్టరు కింద పనిచేసినా అసలు యజమానిది బాధ్యతేనని పన్నెండో సెక్షన్ చెప్పింది. కానీ హక్కు ఉండాలంటే ముందు పేరు ఉండాలి. జతకు ఇంత అని కూలి కట్టి, మగవాడి పేరే రాసుకునే చోట గాయపడ్డ ఆడమనిషి తాను అక్కడ పనిచేశానని ఎట్లా చూపిస్తుంది?

సరే, పేరు ఉందనే అనుకుందాం. అప్పుడు లెక్క మొదలవుతుంది. నెల వేతనంలో అరవై శాతం, దాన్ని వయసును బట్టి ఉన్న గుణకంతో హెచ్చించి, సంపాదనా శక్తిలో పోయిన శాతం కట్టాలి. ముప్పై అయిదేళ్ళకు గుణకం 197.06. బొటనవేలు పోతే 30 శాతం. ఒకే క్రషర్‌లో, ఒకే వయసులో, ఒక మగవాడికీ ఒక ఆడమనిషికీ బొటనవేలు తెగిందనుకోండి. అతని నెల కూలి 9,000, ఆమెది 6,000. అతనికి సుమారు 3,19,237 రూపాయలు, ఆమెకు 2,12,825. తేడా లక్ష రూపాయల పైన. పట్టికలో ఎక్కడా ఆడా మగా అన్న మాట లేదు. కూలిలో ఉన్న అన్యాయాన్ని అది నమ్మకంగా గుణించి పెడుతుంది, అంతే. ఏకలవ్యుడి బొటనవేలికి ఇంత బారు లెక్క ఎవరూ వెయ్యలేదు.

అసలు మిరపకాయ తుంచే చేతికి, తొడిమ తీసే చేతికి బొటనవేలు లేకపోతే మిగిలేది డెబ్భై శాతమా? 1975లో సుప్రీంకోర్టు ఎడమచెయ్యి మోచేతి పైన పోయిన ఒక వడ్రంగి విషయంలో, ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కనుక అది సంపూర్ణ అశక్తతే అంది. పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ పడుతుందని కూడా అంది. ఈ తీర్పును ఆడవాళ్ళ పనులకు అన్వయించి వాదించాలంటే, మిరప తొడిమ తీయడం కూడా ఒక వృత్తేనని ముందు ఒప్పించాలి. 'ఆడవాళ్ళు కూర్చుని చేసే పని' అన్న మాట అక్కడే అడ్డం వస్తుంది.

కమిషనర్ ఉత్తర్వు మీద హైకోర్టుకు అప్పీలు ఉండేది. గడువు అరవై రోజులు. యజమాని అప్పీలు చేస్తే ముందు సొమ్ము జమ కట్టాలి, కూలికి ఆ షరతు లేదు. కాకపోతే గణనీయమైన న్యాయ ప్రశ్న ఉంటేనే అప్పీలు నిలుస్తుంది. ఎంత శాతం పోయింది, ఆ రోజు పనిలో ఉందా లేదా అన్నవి కింద తేలిపోవలసినవే. అందుకని అప్పీలు గెలవడం హైదరాబాదులోనో, 2019 తర్వాత అమరావతిలోనో మొదలయ్యేది కాదు. ఆస్పత్రి చీటీలో 'జారిపడింది' అని రాస్తారా, 'మిషన్‌లో చెయ్యి పడింది' అని రాస్తారా అన్న దగ్గరే మొదలయ్యేది. ఈఎస్ఐ ఉన్న ఫ్యాక్టరీలలో దారి వేరు. మెడికల్ బోర్డు చెప్పిన శాతం నచ్చకపోతే మెడికల్ అప్పీల్ ట్రిబ్యునల్‌కో ఇన్సూరెన్స్ కోర్టుకో పోవచ్చు. ఆ దారికి కనీసం ఒక కార్డు, ఒక నంబరు ఉంటాయి.

పొలం కూలీకి అవీ లేవు. చట్టం రెండో షెడ్యూలు వ్యవసాయంలో ట్రాక్టరుతోనో, కరెంటుతోనో, మరో యంత్రశక్తితోనో చేసే సేద్యాన్నే గుర్తించింది, చేత్తో కోసే కోతను కాదు. 2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ళ మండలంలో మిరప కూలీల ట్రాక్టరు బోల్తాపడి నలుగురు స్త్రీలు చనిపోయారు. ఇలాంటి సందర్భాల్లో బీమా కంపెనీలు సాధారణంగా ఎత్తే అభ్యంతరం ఒకటుంది: పాలసీ సేద్యానికే గానీ ట్రక్కులో మనుషుల్ని ఎక్కించడానికి కాదని. పొద్దున్నే ఆ మనుషులు ఎక్కకపోతే ఆ సేద్యం ఎట్లా జరుగుతుందో మాత్రం పాలసీ చెప్పదు.

కమిషనర్ ముందు లాయరే నిలబడాలన్న నియమం లేదు. రిజిస్టరైన కార్మిక సంఘం ప్రతినిధి రావచ్చు, కమిషనర్ అనుమతిస్తే బాధితురాలు అధికారమిచ్చిన ఎవరైనా మాట్లాడవచ్చని ఇరవై నాలుగో సెక్షన్ చెప్పింది. పదో తరగతి చదివిన కూతురైనా సరే, పక్కింటి వదినైనా సరే.