బుల్లితెరపై తరాల మైత్రి

శ్రీరామకృష్ణ పరమహంస పేరిట వెలసిన ఆర్.కె. పురం, స్వాతంత్ర్యానంతరం కేంద్రప్రభుత్వోద్యోగుల నివాసార్థం ఢిల్లీలో రూపొందిన పెద్ద కాలనీలలో ఒకటి. దేశంలోని పలు భాషల కుటుంబాలు అక్కడి క్వార్టర్లలో ఇరుగుపొరుగయ్యాయి. తెలుగుదేశం నుంచి ఉద్యోగరీత్యా తరలివెళ్ళిన కుటుంబాలూ వాటిలో ఉన్నాయి. కొడుకు వద్దకో కూతురి వద్దకో వచ్చిన వృద్ధులకు ఊరి అరుగు దూరమయింది. బడిలో హిందీ, ఇంగ్లీషు నేర్చే మనుమలకు తాతగారి తెలుగు సగమే అర్థమయ్యేది. ఈ లోటును ముందే గుర్తించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో రాజధానిలో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ 1948లోనే ఏర్పడింది. అయినా బడి నేర్పే భాష వేరు, ఇంట్లో పెద్దలతో పంచుకొనే భాష వేరు.

ఆ లోటు కొంత తీరడానికి బుల్లితెర ఒక అనుకోని సాధనమయింది. ఢిల్లీలో టెలివిజన్ ప్రసారాలు 1959 సెప్టెంబరు 15న ప్రయోగాత్మకంగా ఆరంభమయ్యాయి. 1982లో జాతీయ కార్యక్రమం, రంగుల ప్రసారం వచ్చిన తరువాత టీవీ మధ్యతరగతి ఇళ్ళలో స్థిరపడింది. ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్ ప్రాంతీయ భాషా చిత్రాలను ఇంగ్లీషు ఉపశీర్షికలతో ప్రసారం చేసేది. తెలుగు చిత్రం వంతు వచ్చినప్పుడు పెద్దలే వ్యాఖ్యాతలు. వంగ, మలయాళ చిత్రాలు వచ్చినప్పుడు ఉపశీర్షికలు చదివి చెప్పగలిగిన పిల్లలు వ్యాఖ్యాతలు. కేంద్రీయ హిందీ నిదేశాలయం నిఘంటువులు కూర్చి భాషల మధ్య వారధి కడుతున్నది ఆర్.కె. పురంలోని వెస్ట్ బ్లాక్ భవనాలలోనే. అదే పనిని చిన్న కొలతలో ఆ చుట్టుపక్కల ఇళ్ళలోని పిల్లలు, వృద్ధులు చేశారనవచ్చు.

వయసులో ఎంతో అంతరమున్న ఇద్దరి స్నేహం భారతీయ కథకు కొత్త కాదు. 1892లో రవీంద్రనాథ్ ఠాగూర్ రచించిన ‘కాబూలీవాలా’లో పఠాను వర్తకుడు రహమత్‌కు, చిన్నారి మినీకి బంధుత్వం లేదు, దేశం ఒకటి కాదు. తపన్ సిన్హా 1957లో దానిని వంగభాషలోను, హేమేన్ గుప్తా 1961లో హిందీలోను తెరకెక్కించారు. రహమత్ జేబులో దాచుకొన్న కాగితంపై తన కూతురి చేతిముద్ర ఉంటుంది. అతడు మినీకి ఎండుఫలాలు ఇచ్చాడు. మినీ అతనికి దూరమైన పితృత్వాన్ని తిరిగి ఇచ్చింది. ప్రేమ ఏకపక్షంగానైనా నిలుస్తుంది. చెలిమికి మాత్రం ఇచ్చిపుచ్చుకోవడం తప్పనిసరి. ఈ రకం కథలన్నిటికీ ఇదే కీలకం.

దూరదర్శన్ కోసం 1980ల ద్వితీయార్ధంలో శంకర్ నాగ్ రూపొందించిన ‘మాల్గుడీ డేస్’ ఈ ధోరణికి ఇంటింటా ఆదరణ తెచ్చింది. ఆర్.కె. నారాయణ్ రచనలకు దృశ్యరూపమైన ఈ ధారావాహికలో స్వామిగా మాస్టర్ మంజునాథ్ నటించాడు. మూలనవలలో స్వామి తన మిత్రుడు రాజం గొప్పలు చెప్పుకొంటాడు, బామ్మ తన కథలు తాను చెబుతుంది. ఒకరి మాట ఒకరికి పూర్తిగా పట్టదు. అయినా ఆ ఇంట్లో అతనికి భయం లేని చోటు ఆమె పక్కనే. 1989లో మహేశ్ భట్ దూరదర్శన్‌కు తీసిన ‘డాడీ’ టెలిఫిల్మ్ ఇదే అంశాన్ని మరింత కఠినమైన పరీక్షకు గురిచేసింది. తాత ఇంట పెరిగిన పూజ, మద్యానికి బానిసైన గాయకుడు తన తండ్రి అని తెలుసుకొంటుంది. అతణ్ణి మళ్ళీ పాటవైపు నడిపిస్తుంది. ఇక్కడ చేయూతనిచ్చేది చిన్నవారు. దానిని అందుకోవడమే పెద్దవారికి కష్టం.

స్వామిగా దేశానికి పరిచితుడైన మంజునాథే 1992లో కె. విశ్వనాథ్ ‘స్వాతికిరణం’లో గంగాధరంగా తెలుగువారి ముందుకు వచ్చాడు. మమ్ముట్టి ధరించిన అనంతరామశర్మ మహావిద్వాంసుడు. శిష్యుని ప్రతిభ తన విద్యకు కొనసాగింపని గ్రహించలేక అసూయకు లోనవుతాడు. గురువు కోసం బాలుడు ప్రాణత్యాగం చేస్తాడు. చివరకు శర్మ పిల్లల మధ్య తానూ ఒక విద్యార్థిగా కూర్చుంటాడు. బాలుని నుంచి స్వీకరించలేకపోయిన పెద్దరికం చెల్లించిన మూల్యం అది.

ఇదే దర్శకుడు 1980 ఫిబ్రవరి 2న విడుదలైన ‘శంకరాభరణం’లో దీనికి భిన్నమైన ముగింపు చూపారు. రెవెన్యూశాఖలో డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన జె.వి. సోమయాజులు అందులో శంకరశాస్త్రి పాత్ర ధరించారు. కచేరీలో ఆయన గొంతు ఆగినచోట తులసి కుమారుడు శంకరం పాట అందుకొంటాడు. శాస్త్రి తన గండపెండేరాన్ని ఆ బాలునికి అప్పగిస్తాడు. రెండు చిత్రాలలోనూ విద్య ఒకటే, గురుశిష్యుల వయోభేదమూ దాదాపు ఒకటే. ఒకరు అప్పగించగలిగారు, మరొకరు అప్పగించలేకపోయారు.

1995 ఆగస్టు 27న ఈటీవీ ప్రసారాలు మొదలయ్యాయి. ఉపగ్రహ చానళ్ళు విస్తరించిన కొద్దీ ఢిల్లీలోని తెలుగు వృద్ధులకు తమ భాషలోనే రోజంతా కాలక్షేపం లభించింది. అది వారికి ఎంతో ఊరట. అయితే మనుమడి అనువాదం వారికి అక్కరలేకపోయింది, తాతగారి వ్యాఖ్యానం మనుమడికీ అక్కరలేకపోయింది. ఆపైన సెల్‌ఫోన్ తెర ఒక్కొక్కరికి ఒక్కొక్కటయింది. సౌకర్యం పెరిగిన మేరకు ఒకరి అవసరం ఒకరికి తగ్గింది. ఆదివారం మధ్యాహ్నాల విలువ తెరపై కథలోనే గాక, ‘ఇప్పుడేమన్నాడు?’ అని పక్కవారిని అడగవలసి రావడంలో కూడా ఉంది. ఆ ప్రశ్నను ఒకప్పుడు అవసరం అడిగించింది. ఇకమీదట దానిని పెద్దలో పిన్నలో పనిగట్టుకొని అడగవలసిందే.