తారాబాయి మోడక్

తారాబాయి మోడక్ (ఏప్రిల్ 19, 1892 - ఆగష్టు 31, 1973) ప్రముఖ భారతీయ శిశువిద్యావేత్త. నగరాలలోని చదువుకున్న కుటుంబాలకే పరిమితమై ఉన్న పూర్వప్రాథమిక విద్యను గ్రామాలకు, అటుపిమ్మట గిరిజన గూడేలకు తీసుకొని వెళ్ళింది. నేడు దేశమంతటా వాడుకలో ఉన్న "అంగన్‌వాడీ" అనే మాటకు, దాని వెనుకనున్న ఆలోచనకు ఈమె బోర్డీ గ్రామంలో చేసిన ప్రయోగమే మూలం. ఈమెను సాధారణంగా మాంటిస్సోరీ పద్ధతి అనుయాయిగా పేర్కొంటారు. అయితే తాను నేర్చిన పద్ధతిని పిల్లల ఎదుట పరీక్షకు పెట్టి, అది పనిచేయని చోట ఆ పద్ధతినే మార్చుకొంటూ పోవడం ఈమె ఉపాధ్యాయ జీవితంలో ముఖ్యంగా గమనింపదగిన విషయం. 1962లో భారత ప్రభుత్వం ఈమెను పద్మభూషణ్ పురస్కారంతో గౌరవించింది.

తొలి జీవితం

తారాబాయి ముంబైలో ప్రార్థనా సమాజానికి చెందిన కేల్కర్ కుటుంబంలో జన్మించింది. 1914లో బొంబాయి విశ్వవిద్యాలయం నుండి బి.ఏ. పట్టా పొందింది. మరుసటి సంవత్సరం న్యాయవాది కె.వి.మోడక్‌తో వివాహమై అమరావతికి వెళ్ళింది (ఇది విదర్భలోని అమరావతి, కృష్ణాతీరంలోని అమరావతి కాదు). 1921లో దంపతులు విడిపోయారు. ఆ తరువాత ఆమె రాజకోటలోని బార్టన్ మహిళా శిక్షణ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసింది. అది ఆ రోజులలో గౌరవప్రదమైన ఉద్యోగం. దానిని వదలుకొని 1923లో భావనగర్ చేరింది.

భావనగర్

భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరాన్ని స్థాపించాడు. ఆయన వృత్తిరీత్యా న్యాయవాది. మాంటిస్సోరీ రచనలు చదివి, వకీలు వృత్తి మాని పిల్లల మధ్యకు వచ్చిన వ్యక్తి. ఆయన రచన "దివాస్వప్న" తెలుగులో "పగటికల"గా పాఠకులకు పరిచితమే. రెండున్నర, మూడేళ్ళ పిల్లలను భయపెట్టక, కొట్టక, వారి పనిని వారినే చేసుకోనిచ్చి గమనిస్తూ ఉండడమే ఉపాధ్యాయుని మొదటి కర్తవ్యమని ఈ బాలమందిరం చాటింది. అప్పటివరకు పెద్ద పిల్లల చదువుతోనే సంబంధమున్న తారాబాయికి ఇక్కడ పని కొత్తగా మొదలైంది. 1926లో వీరిద్దరూ కలిసి నూతన బాల శిక్షణ సంఘాన్ని ఏర్పాటు చేశారు. "శిక్షణ్ పత్రిక" సంపాదకత్వంలోనూ ఆమె పాలుపంచుకొంది. తరగతి గదిలో చూచినదానిని ఇతర ఉపాధ్యాయులకు అర్థమయ్యేలా వ్రాయవలసి రావడం, తన పనిని తానే వెలుపల నుండి చూచుకొనే అలవాటును ఆమెకు కలిగించి ఉండాలి. తరువాత ముంబై వచ్చి, 1936లో దాదర్‌లో శిశువిహార్‌ను ప్రారంభించింది.

బోర్డీ ప్రయోగం

దాదర్‌లో సంస్థ బాగా నడుస్తున్న కాలంలోనే, ఏభైమూడేళ్ళ వయసులో, ఆమె పల్లెకు తరలిపోయింది. మాంటిస్సోరీ ఉపకరణాలు ఖరీదైనవి. నున్నగా చెక్కిన కొయ్య స్థూపాలు, రంగుల పలకలు పల్లెటూరి బడికి కొనడం అసాధ్యం. ఆ పద్ధతి పేదపిల్లలకు అందదంటే లోపం పద్ధతిలోనా, పరికరాలలోనా అన్నది తేల్చుకోవలసిన ప్రశ్న. 1945లో సముద్రతీర గ్రామమైన బోర్డీలో (అప్పటి ఠాణా జిల్లా, 2014 నుండి పాల్ఘర్ జిల్లా) గ్రామ బాల శిక్షా కేంద్రం మొదలైంది. గవ్వలు, గులకరాళ్ళు, గింజలు, ఆకులు, మట్టి అక్కడ బోధనోపకరణాలయ్యాయి. చిన్నా పెద్దా తేడా గుర్తించడానికి, లెక్కించడానికి, వరుసలో పేర్చడానికి ఇవి చాలునని తేలింది.

రెండవ చిక్కు దీనికంటే పెద్దది. ఊరి నడుమ బాలవాడి తెరిచినా హరిజనవాడ పిల్లలు రాలేదు. తల్లిదండ్రులకు శ్రద్ధ లేదని నమోదు చేసి ఊరుకోవడం అప్పుడూ ఇప్పుడూ తేలికైన మార్గం. తారాబాయి అలా చేయక, బడినే వాడలోకి పంపింది. శిక్షకురాలు సామగ్రి తీసుకొని వాడకు వెళ్ళి, ఇంటి ముంగిట పిల్లలను కూర్చోబెట్టుకొనేది. స్నానం, తలదువ్వడం, ఆట, పాట అన్నీ అక్కడే, తల్లుల కళ్ళెదుటనే జరిగేవి. ముంగిటి బాలవాడి గనుక దానికి అంగన్‌వాడీ అని పేరు వచ్చింది. "అంగణం" అంటే ముంగిలి అనే అర్థం తెలుగు నిఘంటువులలోనూ ఉంది.

కోస్బాడ్

1950ల ద్వితీయార్ధంలో కేంద్రం బోర్డీకి సమీపంలోని కోస్బాడ్ కొండకు మారింది. అక్కడివారు ఎక్కువగా వార్లీ గిరిజనులు. బోర్డీలో పనికివచ్చినది ఇక్కడ యథాతథంగా పనికిరాలేదు. పెద్దపిల్లలు పశువులు కాయాలి, లేదా చంటిపిల్లలను ఎత్తుకోవాలి. అందువలన శిక్షకులు పచ్చిక బయళ్ళకే వెళ్ళి, పశువులు మేస్తూ ఉండగా చదువు చెప్పే "కురణ్‌శాల" (పచ్చికబయలు బడి) ఏర్పడింది. చంటిబిడ్డను ఎత్తుకొని వచ్చే అక్క కోసం బడి పక్కనే శిశుగృహం పెట్టారు. బాలవాడిలో ఉత్సాహంగా ఉన్న పిల్లలు ఒకటో తరగతిలో అడుగుపెట్టగానే బడి మానేయడాన్ని గమనించి, శిశుగృహం, బాలవాడి, ప్రాథమిక పాఠశాల మూడింటినీ ఒకేచోట కలిపి "వికాసవాడి"గా రూపొందించారు. ఈ అనుభవాలను తారాబాయి పుస్తకంగా కూడా వ్రాసింది.

ఈ పనిలో ఆమెకు కుడిభుజం అనూతాయి వాఘ్ (1910-1992). పదమూడేళ్ళకు వివాహమై, కొద్ది నెలలకే భర్తను కోల్పోయిన అనూతాయి, చదువుకొని ఉపాధ్యాయురాలై, 1945లో బోర్డీకి వచ్చింది. తారాబాయి మరణానంతరం కోస్బాడ్ కేంద్రాన్ని ఈమే నడిపింది. 1985లో పద్మశ్రీ పొందింది. బాలవాడి సేవికలకు శిక్షణ ఇవ్వడం కేంద్రం కార్యక్రమాలలో ఒకటి. ఆ శిక్షణ పిల్లలున్న చోటనే, నిజమైన బాలవాడి పనితో ముడిపడి జరిగేది. నేటి శిక్షణ తరగతులలో ఇదే కొరవడుతోందని చెప్పక తప్పదు.

అంగన్‌వాడీ పథకం

తారాబాయి మరణించిన రెండేళ్ళకు, 1975 అక్టోబర్ 2న, కేంద్ర ప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి పథకాన్ని 33 బ్లాకులలో ప్రారంభించి, దాని కేంద్రాలకు అంగన్‌వాడీ అనే పేరు పెట్టింది. పథకంలోని ఆరు సేవలలో పూర్వప్రాథమిక విద్య ఒకటి మాత్రమే. పోషకాహారం, టీకాలు, రిజిస్టర్ల మధ్య ఆటపాటల చదువు చాలాచోట్ల వెనుకబడింది. అన్ని పనులూ ఒక్క కార్యకర్తకే అప్పగించినప్పుడు, ఆమె పిల్లలను నిదానంగా గమనించి, తన పని ఎలా సాగుతున్నదో ఆలోచించుకొనే తీరిక దొరకడం కష్టమే. 2020 జాతీయ విద్యావిధానం ఇంటర్మీడియట్, ఆపై చదివిన అంగన్‌వాడీ కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సును, అంతకు తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమాను సూచించింది. ఉద్యోగానికి ఆటంకం కలుగకుండా ఇవి ప్రధానంగా దూరవిద్య పద్ధతిలో సాగాలని, నెలకు కనీసం ఒకసారి ప్రత్యక్ష తరగతి ఉండాలని అందులో పేర్కొన్నారు.