ఆదిమానవుడి భార్య ఏం వండింది?

ఒళ్ళు తగ్గాలంటే ఆదిమానవుడిలా తినాలట! అన్నం వద్దు, రొట్టె వద్దు, పప్పు అసలే వద్దు. మాంసం, చేపలు, గుడ్లు, ఆకుకూరలు, పళ్ళు చాలట. వాల్టర్ వొగ్ట్‌లిన్ అనే అమెరికా డాక్టరు 1975లో రాతియుగపు తిండి మీద పుస్తకం వేశాడు. 1985లో బాయిడ్ ఈటన్, మెల్విన్ కానర్ అనేవారు ఓ పెద్ద వైద్యపత్రికలో రాశాక ఆ మాటకు గౌరవం వచ్చింది. 2002లో లోరెన్ కార్డెయిన్ పుస్తకంతో అది ఇంటింటి కబురైంది. మన ఒళ్ళు వేటాడే రోజుల్లో తయారైందనీ, సేద్యం వచ్చి పదివేల ఏళ్ళే కనుక ధాన్యం మనకింకా పడదనీ వాళ్ళ వాదన.

బాగానే ఉంది. కాని ఏ ఊరి ఆదిమానవుడు?

మదనపల్లెకు అవతల, కర్ణాటక సరిహద్దు దగ్గరున్న పెద్దతిప్పసముద్రంలో ఓ కంచం చూడండి. రాగిసంగటి, చెనక్కాయల ఊరిబిండి, చలికాలమైతే అనపగింజల పితికిపప్పు. తాతలనాటి తిండే! అయితే రాగులు పుట్టింది తూర్పు ఆఫ్రికా కొండల్లో. చెనక్కాయలూ, మిరపకాయలూ, మదనపల్లె మార్కెట్టుకు పేరు తెచ్చిన టమోటాలూ అమెరికా ఖండాలనుంచి పోర్చుగీసు ఓడలొచ్చిన తరువాతే మనకు చేరాయి. పాపం, కాకతి రుద్రమ్మ వంటింట్లో మిరపకాయే లేదు!

మరి మన నేలమీద మొదటి సేద్యగాళ్ళు ఏం తిన్నారు? అనంతపురం జిల్లా పాలవాయిలో బూడిదదిబ్బలున్నాయి. వేల ఏళ్ళనాటి పశువుల దొడ్లలో పేడ కాల్చగా మిగిలినవవి. బళ్ళారి దగ్గర సంగనకల్లులో ఆనాటి మట్టిని జల్లిస్తే మాడిన గింజలు దొరికాయి. అవేమిటనుకున్నారు? అండుకొర్రలు, ఉలవలు, పెసలు. మన ఉలవచారుకు నాలుగువేల ఏళ్ళ వంశవృక్షం ఉందన్నమాట.

అంతకుముందు అంతా మాంసమేనా అంటే, అదీ కాదు. ఇజ్రాయెల్‌లో గలిలీ సరస్సు ఒడ్డున, ఒహాలో అనేచోట, 23 వేల ఏళ్ళనాటి గుడిసెల్లో అడవి బార్లీ గింజలు దొరికాయి. పక్కనే నూరుడు రాయి, దానిమీద పిండి ఆనవాళ్ళు! సేద్యం తెలియనివాళ్ళూ గింజలు నూరుకున్నారు. మన నల్లమల చెంచుల గురించి 1943లో పుస్తకం రాసిన హైమండార్ఫ్ దొర కూడా వాళ్ళు గునపంతో గడ్డలు తవ్వుకుని బతకడమే ఎక్కువగా చూశాడు. వేట దొరికిన రోజు పండగ. దొరకని రోజు గడ్డలే దిక్కు.

ఇంతకీ ఆ గింజలు నూరిందెవరు? సిరియాలో అబూ హురేరా అనే పాతకాలపు ఊరి ఎముకలను తెయా మాలిసన్ అనే శాస్త్రజ్ఞురాలు పరీక్షించింది. మోకాళ్ళు అరిగి, నడుము దెబ్బతిని, కాలి బొటనవేళ్ళు వంకరపోయిన ఎముకల్లో ఎక్కువ ఆడవాళ్ళవే. రోజూ గంటలకొద్దీ మోకాళ్ళమీద కూర్చుని నూరిన గుర్తులవి. పుస్తకాల అట్టమీద బల్లెం పట్టిన మగవాడి బొమ్మ వేస్తారు గాని, నూరుడు రాయి ముందు కూర్చున్న ఈమెను ఎవరు తలుచుకున్నారు?

పోనీ, ఈ పథ్యంతో బరువు తగ్గుతుందా? తగ్గుతుంది. స్వీడన్‌లో ముట్లుడిగిన డెబ్బైమంది లావుపాటి స్త్రీలను రెండు జట్లుచేసి రెండేళ్ళు చూశారు. 2014లో ఆ ఫలితాలు వచ్చాయి. ఆరునెలలకు రాతియుగపు తిండివాళ్ళ కొవ్వు బాగా తగ్గింది. రెండేళ్ళయ్యేసరికి మామూలు పథ్యం చేసినవాళ్ళకూ వీళ్ళకూ కొవ్వులో చెప్పుకోదగ్గ తేడా లేదు! పథ్యం మొదలెట్టడం సులువు, నిలబెట్టుకోవడమే కష్టం.

కనుక చక్కెర, మైదా, నూనెలో వేయించినవీ తగ్గించుకుందాం. పాతకాలం వాళ్ళు వీటితో బతకలేదన్నది నిజమే. ఉలవలనూ కొర్రలనూ మాత్రం వంటింట్లోంచి వెళ్ళగొట్టక్కర్లేదు. చక్కెరజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరునడగందే ఏ పథ్యమూ మొదలుపెట్టకూడదు. ఇక మీవారు ఆదిమానవుడిలా తింటానని పట్టుబడితే కాదనకండి. సంగటి గెలికే కట్టె ఆయన చేతికివ్వండి, ఒళ్ళు ఆయనకూ తగ్గుతుంది!