కాసులపేరు చెప్పు కథ

తమిళదేశమున స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో పూర్వుల తాటియాకు గ్రంథములు చెదలపాలైనవి. పాత దస్తావేజులును అరుదు. కాని తల్లి మెడనుండి కూతురి మెడకు వచ్చుచున్న కాసులపేరు కొన్ని ఇండ్లలో నేటికిని కలదు. దానిని నగగా చూచితిమే కాని, చరిత్రగా చదివినవారము తక్కువ.

1529 ప్రాంతమున విశ్వనాథనాయకుడు మధురలో నాయకరాజ్యమునకు పునాది వేసిన పిమ్మట తెలుగువారనేకులు దక్షిణమునకు తరలిరి. భూమిని మూటగట్టుకొని పోలేము, బంగారమును కొనిపోగలము. నాటి నాణెము వరహా. దాని తూకము సుమారు మూడున్నర గ్రాములు. ఇంగ్లీషువారి కాలమున 22 క్యారెట్ల సవరను వచ్చెను. 1918లో బొంబాయి టంకశాలయందును దీనిని ముద్రించిరి. నేటికిని తమిళనాట బంగారమును సవరనులలోనే లెక్కింతురు.

స్త్రీధనమును భర్త కరవునందు, ధర్మకార్యమునందు, వ్యాధియందు, నిర్బంధమునందు వాడుకొన్నచో తిరిగి ఈయనక్కరలేదని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పినది. స్త్రీ తన ఆస్తికి సంపూర్ణ హక్కుదారు అని 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్పష్టపరచినది. ఈ రెంటి నడుమ గడచిన కాలమంతయు మన అవ్వల మెడలలో వ్రాయబడియున్నది. కాసులపేరున ఒక్కొక్క కాసును విడదీయవచ్చును గదా!

మా అవ్వ తన పేరును చూపునప్పుడు ఉన్న కాసులను లెక్కించెడిది కాదు, లేనివానిని లెక్కించెడిది. "ఇక్కడిది మీ తాత జబ్బుకు పోయినది, ఇది మీ నాయన చదువుకు, ఇది వానలు లేని యేడు విత్తనాలకు" అని సందులను వ్రేలితో తాకి చెప్పెడిది. ఆ సందులే మా వంశచరిత్ర.

1963 జనవరిలో కొత్త నగలు 14 క్యారెట్లకు మించరాదను నిబంధన వచ్చి, స్వర్ణకారుల బ్రదుకులు చితికినవి. క్యారెట్ల కట్టుబాటు కొన్నియేండ్లకే సడలినను, 1968 నాటి స్వర్ణ నియంత్రణ చట్టము 1990లో గాని రద్దు కాలేదు. నేడు పాత నగకు భయము చట్టమువలన కాదు, కొత్త వాడుకవలన. పాతది ఇచ్చి కొత్తది తెచ్చుకొనుట తప్పు కాదు. అయినను మూసలో వేయుటకు ముందు ఇంటి పెద్దమ్మను కూర్చుండబెట్టి, ఏ కాసు ఎవరిదో, ఏ కాసు ఎందుకు పోయినదో అడిగి తెలుగులో వ్రాసియుంచుడు. బంగారమునకు పోవు తరుగును కంసాలి చెప్పగలడు. కథకు పోవు తరుగును చెప్పగలవారు లేరు.