కంపెనీ వదిలేసిన తీగ

దూలగొండి కాయను ఒకసారి ముట్టుకున్నవాడు మళ్లీ ముట్టడు. నూగు ఒంటికి తగిలిందా, ఇక గోక్కోవడమే పని. ఆ తీగలోనే దురద పెట్టని సాగురకం ఒకటుంది. ఆసియాలో పుట్టిన ఆ రకం 1870ల్లో అమెరికాలోని ఫ్లోరిడా చేరి మొదట అందానికి పందిళ్లెక్కింది. తర్వాత పశువుల మేతగా, పచ్చిరొట్టగా మొక్కజొన్న చేలల్లోకి దిగింది. మొదటి ప్రపంచయుద్ధం నాటికి దక్షిణ రాష్ట్రాల్లో లక్షల ఎకరాలు అదే. సోయా, చవక ఎరువుల బస్తాలు వచ్చాక అక్కడ దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

అసలు కథ మధ్య అమెరికాది.

1920ల్లో యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ తన అరటితోటల్లో చాకిరీ చేసే కంచరగాడిదల మేతకు ఈ తీగ వేయించింది. ట్రాక్టర్లు దిగాయి, కంచరగాడిదలు పోయాయి, తీగతో కంపెనీకి పనీ తీరింది. గ్వాటెమాలాలోని కెక్చీ తెగ రైతులు మాత్రం గింజల్ని వదల్లేదు. చేతులు మారుతూ 1970ల్లో అది ఉత్తర హోండురాస్ కొండవాలులకు పాకింది. చాలామటుకు రైతు నుంచి రైతుకే.

వానల్లో తీగ చేనంతా కమ్మేసి కలుపును లేవనివ్వదు. డిసెంబరు ప్రాంతంలో రైతు పొడుగాటి కత్తితో దాన్ని నరికి నేలన పరుస్తాడు. తగలబెట్టడు, దున్నడు. మొనదేలిన కర్రతో ఆ చెత్తలోంచే గుంట పొడిచి మొక్కజొన్న గింజలు వేస్తాడు. చెత్త చివికేకొద్దీ పైరుకు నత్రజని అందుతుంది, అడుగున తడి నిలుస్తుంది. రాలిన గింజలే మళ్లీ మొలుస్తాయి కాబట్టి ఏటా విత్తనం కొనే పనిలేదు. 1990ల్లో పరిశోధకుడు డేనియల్ బకిల్స్ బృందం లెక్కగడితే, తీగ లేని చేలకంటే దిగుబడి దాదాపు రెట్టింపు.

తిండి దగ్గరే చిక్కు. గింజలో మాంసకృత్తులు దండిగా ఉన్నాయి, ఎల్-డోపా అనే రసాయనం కూడా ఉంది. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి దూలగొండి గింజల నుంచి వేరుచేసింది దీన్నే. తర్వాత పార్కిన్సన్స్ జబ్బుకు మందయింది కూడా ఇదే. మోతాదు మించితే వాంతులు, తలతిప్పు. అందుకే దక్షిణ భారత గిరిజనులు నీళ్లు మార్చి మార్చి ఉడికించి తింటారు. మధ్య అమెరికాలో వేయించి, పొడిచేసి, కాఫీలా కాచుకున్నారు. ఆ గింజకు ‘నెస్కెఫె’ అని పేరూ పెట్టేశారు. అదే పేరుతో కాఫీ అమ్మే కంపెనీవాళ్లు ఏమనుకున్నారో!

1990ల చివరికి హోండురాస్‌లో ఈ సాగు వెనకపట్టు పట్టింది. తప్పు తీగది కాదు. అది చేనును నెలల తరబడి పట్టుకుని కూర్చుంటుంది, ఫలం వచ్చేది మరుసటి పంటకు. వాలులు పశువుల బీళ్లుగా మారుతుంటే కౌలు రైతుకు అదే చేను మళ్లీ దక్కుతుందన్న నమ్మకం లేకపోయింది. దానికితోడు ఒక మొండి గడ్డి ఆ తీగకూ లొంగకుండా చేలల్లో అల్లుకుంది.