బెంటన్‌విల్ వీధిలో మన పూర్వుల టికెట్టు

బెంటన్‌విల్ అనే ఊరిపేరు మన చదువరులలో చాలామంది విని ఉండరు. అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రానికి వాయవ్య మూలన ఉన్న పట్టణం అది. వాల్‌మార్ట్ అనే పెద్ద దుకాణాల సంస్థకు ప్రధాన స్థానం. ఆ సంస్థను స్థాపించిన సామ్ వాల్టన్ 1950 లో ఈ ఊరి చౌరస్తాలోనే ఒక చిన్న అంగడి కొని వ్యాపారం పెంచుకున్నాడు. ఇప్పుడు ఆ సంస్థ కంప్యూటర్ల పనికి ఆంధ్ర, తెలంగాణల నుండి ఎన్నో కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. మారిషస్ నుండి వెళ్ళిన మా అన్నగారి అబ్బాయి కూడా అక్కడే పనిచేస్తున్నాడు. అతని భార్యది కాకినాడ. గత వేసవిలో వారింట మేము నెల రోజులు గడిపాము.

మాకు సాయంకాలం నడక అలవాటు. అక్కడి వీధులు శుభ్రంగా, ఖాళీగా ఉంటాయి. ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టు కనిపిస్తాయి. ఒకనాడు మలుపు తప్పి, ఏది మన ఇల్లో తెలియక ఒక ఇంటి ముందు నిలబడి చూస్తూ ఉండిపోయాము. ఇంతలో ఒక పోలీసు కారు వచ్చి ఆగింది. దిగినవాడు మా బడిలో చదువుకుని వెళ్ళిన పిల్లల వయసువాడే. ఏమైనా సాయం కావాలా, పేరేమిటి, ఎవరింటికి వచ్చారు అని మర్యాదగా అడిగాడు. చెప్పాము. ఇంటి నంబరు మాత్రం గుర్తు రాలేదు. వీధి పేరు వినగానే అతడే దారి చూపించి వెళ్ళిపోయాడు. రెండు నిమిషాల పని. కాగితం ఏదీ అడగలేదు.

ఇంటికి వచ్చి నవ్వుతూ ఈ సంగతి చెబితే కోడలు నవ్వలేదు. "మామయ్యగారూ, పాస్‌పోర్టూ, ఆ ఐ-94 కాగితమూ జేబులో లేకుండా గడప దాటకండి" అన్నది. పేరు చెబితే సరిపోయింది కదమ్మా అన్నాము. "ఈవేళ సరిపోయిందండీ. మనకి పేరు ఒక్కటే చాలదు" అన్నది.

ఈ మాట మాకు కొత్త కాదు. మా ముత్తాతగారి కాగితాలు చూసిన నాటినుండి మనసులో ఉన్నదే. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో వలస రికార్డులు భద్రపరచి ఉన్నవి. సభ సాయంకాలపు బడిలో తెలుగు అక్షరాలు నేర్చుకున్న తరువాత, పెద్ద వయసులో, మేము అక్కడికి వెళ్ళి మా ముత్తాతగారి నమోదు నకలు తెచ్చుకున్నాము. అందులో మొదట ఉన్నది నంబరు. పేరు దాని తరువాత. ఆపైన తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీద మచ్చ, ఊరు. ఊరి పేరు ఇంగ్లీషు గుమాస్తా తన చెవికి వినిపించినట్టు రాసుకున్నాడు. అది ఏ ఊరో మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

1834 నవంబరు 2న 'అట్లాస్' ఓడ పోర్ట్ లూయీ రేవుకు చేరింది. అది మొదలు 1910 వరకు ఇంచుమించు 4,50,000 మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా మన దీవికి వచ్చారు. తెలుగువారు కోరంగి, విశాఖపట్నం, మద్రాసు రేవుల నుండి వచ్చారు. అందుకే ఇక్కడ మనల్ని కోరంగివారు అనేవారు. ఒప్పందం ముగిసినవానికి సర్కారు కాగితాలలో 'పాత వలసదారు' అని పేరు. అతడు స్వేచ్ఛాజీవి అని చట్టం చెప్పేది. కూరగాయలు పండించుకోవచ్చు, బండి తోలుకోవచ్చు, అంగడి పెట్టుకోవచ్చు. చెరకు తోటల యజమానులకు ఇది రుచించలేదు. వారికి కావలసినది మళ్ళీ ఒప్పందం మీద వేలిముద్ర వేసే మనిషి.

గవర్నరు సర్ హెన్రీ బార్క్లీ కాలంలో, 1867 లో, ఒక కార్మిక చట్టం వచ్చింది. పాత వలసదారు ఎప్పుడూ తన టికెట్టు దగ్గర ఉంచుకోవాలి. దాని మీద అతని ఫొటో ఉండాలి. అది కాక, తాను ఉండే జిల్లా పోలీసుల నుండి పాసు తీసుకోవాలి. ఎక్కడ ఉంటున్నాడో, ఏమి పని చేస్తున్నాడో అందులో రాసి ఉంటుంది. పోలీసు అడిగినప్పుడు రెండూ చూపాలి. చూపలేనివాడు దేశద్రిమ్మరి అని లెక్క. గ్రాండ్ రివర్ దగ్గర అటువంటివారి కోసమే ఒక నిర్బంధ గృహం నడిచింది. దాని గోడలు కొన్ని ఇంకా నిలిచి ఉన్నవి.

ఈ చట్టం ఎలా పనిచేసేదో మా తరగతిలో పిల్లలకు ఒక ఉదాహరణతో చెబుతాము. పాంప్లెమూస్ జిల్లాలో తోట వేసుకున్న ఒక మనిషి టికెట్టు పోగొట్టుకున్నాడు అనుకోండి. నకలు కావాలంటే పోర్ట్ లూయీకి వెళ్ళాలి. దారిలో పోలీసు ఆపితే చూపడానికి టికెట్టు లేదు. టికెట్టు కోసమే వెళ్తున్నానని అతడు చెప్పుకోవలసినది తనను పట్టుకున్నవానితోనే. పిల్లలు మొదట నవ్వుతారు. తరువాత ఎవరో ఒకరు, అయితే ఇంట్లోనే ఉండిపోవాలా సార్ అని అడుగుతారు. అవును, ఇంట్లోనో, లేక తోట యజమాని కింద మళ్ళీ కూలికో. చట్టం కోరినది అదే. ఇంకొక సంగతి కూడా ఉన్నది. ఈ నిబంధన పాత వలసదారులకు మాత్రమే. కాని వీధిలో ముఖం చూసి, వీడు వలసవచ్చినవాడా, ఇక్కడే పుట్టినవాడా అని పోలీసుకు ఎలా తెలుస్తుంది? కాబట్టి భారతీయ ముఖం ఉన్నవాడెవడైనా కాగితం చూపవలసి వచ్చేది. మనిషిని ఆపడానికి అతడు చేసిన పని ఏదీ అక్కరలేదు. అతడు ఎవరి బిడ్డ అన్నదే కారణం.

దీని మీద మనవారు మౌనంగా లేరు. నువెల్ దెకువెర్త్ తోటలో ఉండిన అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే యూరోపియను పాత వలసదారుల కష్టాలు విని, రాజరత్నం ముదలియారు సాయంతో ఒక మహజరు తయారు చేశాడు. 1871 జూన్ 6న అది గవర్నరు సర్ ఆర్థర్ గోర్డన్‌కు చేరింది. అందులో 9,401 మంది పేర్లు ఉన్నవి. బయట తిరగడానికే భయపడే మనుషులు, పేరు చెప్పితే పట్టుబడతామని తెలిసిన మనుషులు, తమ పేర్లు తామే సర్కారుకు రాసి ఇచ్చారు. మాకు తెలిసినంతలో మన దీవి చరిత్రలో ఇంత ధైర్యమైన జాబితా ఇంకొకటి లేదు. యజమానులు ప్లెవిట్జ్‌ను దీవి నుండి వెళ్ళగొట్టమని గవర్నరును కోరారు. పోర్ట్ లూయీ వీధిలో అతనిని కొట్టారు కూడా. గవర్నరు అతనిని వెళ్ళగొట్టలేదు. 1872 లో ఫ్రేర్, విలియమ్సన్ అనే ఇద్దరు సభ్యులతో రాజ విచారణ సంఘం వచ్చింది. పోలీసుల దౌర్జన్యాలను వివరంగా బయటపెట్టిన వారి నివేదిక 1875 లో వెలువడింది. 1878 లో కొత్త కార్మిక చట్టం చేశారు.

దక్షిణాఫ్రికాలోని మన బంధువుల కథ చదువరులకు తెలిసినదే. ట్రాన్స్‌వాల్‌లో 1907 నాటి చట్టం పది వేళ్ళ ముద్రలు అడిగితే, 1908 ఆగస్టు 16న జోహాన్నెస్‌బర్గులోని హమీదియా మసీదు ముందు గాంధీగారి నాయకత్వంలో ఆ పత్రాలను కుప్పగా పోసి కాల్చారు.

ఇక ఆర్కాన్సాకు వద్దాము. అక్కడ ఈ 'కాగితం చూపు' అనే మాట మన కథ కన్నా పాతది. అది బానిసత్వపు రాష్ట్రం. యజమాని రాసి ఇచ్చిన చీటీ లేకుండా తోట దాటిన నల్లవానిని గస్తీవారు కొరడాతో కొట్టేవారు. స్వేచ్ఛ పొందిన నల్లవారు సైతం 1860 జనవరి 1 లోపల రాష్ట్రం విడిచి పోవాలని 1859 లో శాసనం చేశారు. అంతర్యుద్ధం తరువాత ఆ రాష్ట్రపు పత్తి తోటలకు చైనా కూలీలను తెచ్చారు. అది విన్నప్పుడు మాకు వెంటనే మన ఓడలే గుర్తుకు వచ్చాయి. 1892 లో అమెరికా దేశం చైనా కూలీలందరూ నమోదు చేయించుకుని పత్రం దగ్గర ఉంచుకోవాలన్నది. మరు సంవత్సరం దానికి ఫొటో కూడా చేర్చింది. మన దీవిలో ఫొటో టికెట్టు వచ్చి అప్పటికి 26 ఏళ్ళు. చైనీయులలో చాలామంది నమోదుకు నిరాకరించారు. ఆ చట్టాలు 1943 వరకు పోలేదు.

ఈనాటి నియమం ఏమిటని మా అన్నగారి అబ్బాయిని అడిగాము. అతడు వెతికి ఇచ్చినవి ఓపికగా చదివాము. ఆర్కాన్సాలో పోలీసు ఎవరినైనా ప్రశ్న అడగవచ్చు. కాని జవాబు చెప్పే విధి చట్టంలో లేనప్పుడు, ఉన్నదని అతడు సూచించకూడదు. ఈ మాట ఆ రాష్ట్ర కోర్టు నియమాలలోనే రాసి ఉన్నది. చదివి మేము ఆశ్చర్యపోయాము. నేరం మీద తగిన అనుమానం ఉంటేనే మనిషిని ఆపి, అతడెవరో తెలుసుకునేందుకు 15 నిమిషాలో, పరిస్థితిని బట్టి తగినంత సేపో ఉంచవచ్చు. కారణం లేకుండా ఒకచోట తచ్చాడుతూ, ఇరుగుపొరుగుకు భయం కలిగించే తీరున ఉండి, పోలీసు అడిగితే తానెవరో, ఎందుకున్నాడో చెప్పనివాడు మాత్రం నేరస్థుడు. కారు నడిపేవాడు లైసెన్సు చూపవలసిందే. పక్కన కూర్చున్నవాని సంగతి వేరు. అనుమానం ఏదీ లేని అటువంటి ప్రయాణికుడు తానెవరో చెప్పలేదని ఆర్కాన్సాలో అరెస్టు చేస్తే, అది చెల్లదని 2008 లో అప్పీలు కోర్టు చెప్పింది.

సుప్రీం కోర్టు తీర్పులు కూడా ఆ దారిలోనివే. కాలిఫోర్నియాలో నడక అంటే ఇష్టమున్న ఒక నల్లజాతి మనిషిని 1975-77 మధ్య పోలీసులు సుమారు 15 సార్లు ఆపారు. నమ్మదగిన గుర్తింపు చూపాలన్న అక్కడి చట్టం అస్పష్టమని, ఎవరిని వదలాలో ఎవరిని పట్టాలో అంతా పోలీసు ఇష్టానికి వదిలేసిందని 1983 లో కోర్టు దానిని కొట్టివేసింది. 2004 లో నెవాడా కేసులో, అనుమానంతో ఆపినప్పుడు పేరు చెప్పమని చట్టం కోరవచ్చునని 5-4 తేడాతో తీర్పు వచ్చింది. అప్పుడు కూడా చెప్పవలసినది పేరు. కాగితం కాదు.

ఇదంతా చదివి, మన 1867 చట్టానికి ఇది పూర్తిగా తలకిందులు కదా అని సంతోషించాము. కోడలు ఒక్క మాటతో ఆ సంతోషం తగ్గించింది. ఇవన్నీ ఇక్కడి పౌరులకు అన్నది. ఆమె మాటలో కొంత నిజం ఉన్నది. పౌరుడు కాని మనిషి, 18 ఏళ్ళు దాటితే, తన నమోదు పత్రం ఎల్లప్పుడూ ఒంటిమీద ఉంచుకోవాలని 1952 నాటి అమెరికా చట్టంలో ఉన్నది. లేకపోతే జరిమానా, 30 రోజుల వరకు జైలు. అంతకుముందు పెన్సిల్వేనియా రాష్ట్రం ఇటువంటి కార్డు పెడితే 1941 లో సుప్రీం కోర్టు దానిని ఆపింది. ఆనాటి జాతీయ చట్టంలో నమోదు ఉన్నా, పోలీసుకు చూపేందుకు కార్డు వెంట ఉంచుకోవాలన్న మాట లేదు. తరువాతి చట్టంలో ఆ మాట చేరింది. చాలా ఏళ్ళు ఎవరూ పట్టించుకోని ఆ నియమాన్ని గట్టిగా అమలు చేస్తామని 2025 లో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. బెంటన్ కౌంటీ షెరీఫ్ కార్యాలయం 2007 లోనే వలస శాఖతో కలిసి పనిచేసే ఒప్పందం చేసుకున్నది.

కాబట్టి ఒకే వీధిలో ఇద్దరు నడుస్తుంటే ఒకరికి పేరు చాలును, ఒకరికి టికెట్టు కావాలి. ఎవరు ఏ రకమో ముఖం చూసి చెప్పలేము. మా తరగతిలో పిల్లలకు చెప్పే చిక్కే ఇది. అక్కడ పుట్టి పెరిగిన మన పిల్లల పిల్లలు పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని పాలు తేవడానికి వెళ్ళాలా? న్యాయం ప్రకారం అక్కరలేదు. తల్లులు ఏమి చెబుతున్నారో మేము అక్కడ విన్నాము.

2015 ఫిబ్రవరిలో అలబామా రాష్ట్రంలోని మాడిసన్ అనే ఊరిలో మనుమడిని చూసుకోవడానికి వచ్చిన ఒక గుజరాతీ తాతగారు, మేము నడిచినట్టే, ఇళ్ళ ముందు నడుస్తున్నాడు. ఎవరో అనుమానించి పోలీసులకు ఫోను చేశారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఇండియా అని మాత్రం చెప్పగలిగాడు. పోలీసు ఆయనను నేలకు పడవేయడంతో మెడ దెబ్బతిని శరీరం చాలావరకు చచ్చుబడింది. ఆ అధికారి మీద రెండుసార్లు విచారణ జరిగినా జ్యూరీ ఒక మాట మీదికి రాలేదు. 2016 లో జడ్జి అతనిని విడిచిపెట్టారు. 2021 లో పరిహారంగా 17,50,000 డాలర్లు ఇచ్చారు. మా కోడలు నవ్వకపోవడానికి కారణం ఈ కథే అని తరువాత తెలిసింది. ఆమె తల్లిదండ్రులు కూడా వచ్చి పోతూ ఉంటారు.

మన దీవిని కూడా ఇక్కడ విడిచిపెట్టరాదు. 2013 లో మనకు కొత్త గుర్తింపు కార్డు వచ్చింది. అందరూ వేలిముద్రలు ఇవ్వాలన్నారు. మేము వరుసలో నిలబడి ఇచ్చి వచ్చాము, అడగకుండానే. ఒక పౌరుడు మాత్రం కోర్టుకు వెళ్ళాడు. ముద్ర తీసుకోవడం తప్పు కాదు గాని దానిని భద్రపరిచి ఉంచే పద్ధతి సరికాదని 2015 లో మన సుప్రీం కోర్టు చెప్పింది. 2021 లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల సంఘం అతని ఆంతరంగిక జీవన హక్కుకు భంగం కలిగిందని తేల్చింది. 9,401 మంది మునిమనుమలలో ఎంతమందిమి ఆ వార్త పూర్తిగా చదివామో మాకు సందేహమే.

మరునాటి నుండి మేము కాగితాలు జేబులో పెట్టుకునే నడిచాము. అతిథులుగా అది మా విధి. పెట్టుకున్న ప్రతిసారీ కొంచెం సిగ్గుగానే ఉండేది. బయలుదేరే ముందు రోజు రాత్రి మా ముత్తాతగారి నమోదు నకలు కోడలికి చూపించాము. ఊరి పేరు ఉన్నచోట గుమాస్తా గిలికిన ఇంగ్లీషు అక్షరాలను ఆమె రెండుమూడు సార్లు పైకి చదివింది. "మామయ్యగారూ, ఇది తాళ్ళరేవండీ! కోరంగి పక్కనే. మా ఇంటి నుంచి బస్సులో వెళ్ళిపోవచ్చు" అన్నది. కలం తీసుకుని ఆ గిలుకుడు కింద తెలుగులో తాళ్ళరేవు అని గుండ్రంగా రాసి ఇచ్చింది.