విజయం కోసం తవ్విన పెరళ్లు



పెరటితోట అంటే మనలో చాలామందికి చులకన. “నాలుగు గింజలు చల్లితే అవే మొలుస్తాయి, దానికి చదువెందుకయ్యా?” అంటారు. మంచిదే. కాని చల్లినవారిలో కూర కోసుకుని తిన్నవారు ఎందరో లెక్క తీస్తే సంగతి బయటపడుతుంది. మొదటి యేడు ఉత్సాహం, రెండో యేడు విసుగు, మూడో యేడు ఆ మడిలో గడ్డి! ఇది మన ఒక్క ఊరి ముచ్చట కాదు. దేశం దేశమంతా ఒక్కసారిగా కూరగాయలు పండించబూని, తప్పులు చేసి, వాటిని దిద్దుకున్న కథ ఒకటి ఉన్నది. దానిని మీకు మనవి చేస్తాను.

1939 సెప్టెంబరులో రెండవ ప్రపంచయుద్ధం మొదలయినది. ఇంగ్లండు తినే తిండిలో చాలా భాగం ఓడల మీద రావలసినదే. ఆ ఓడలను జర్మనీ జలాంతర్గాములు ముంచనారంభించినవి. ఓడ మునిగితే అందులోని తిండీ మునుగుతుంది, నావికులూ మునుగుతారు. ఆ యేడు అక్టోబరు 3న ఆ దేశపు వ్యవసాయమంత్రి రెజినాల్డ్ డార్మన్ స్మిత్ రేడియోలో ప్రజలకు విజ్ఞప్తి చేసినాడు. పట్టణవాసులు కూరలు పెంచుకొనేందుకు అద్దెకిచ్చే చిన్న మళ్లు అక్కడ ఉన్నవి. వాటిని అలాట్‌మెంట్లు అంటారు. అటువంటివి ఇంకా అయిదు లక్షలు కావాలన్నాడు. ‘డిగ్ ఫర్ విక్టరీ’, అంటే ‘విజయం కోసం తవ్వండి’ అనే ఉద్యమం అట్లా పుట్టినది.

జనం తవ్వినారు. పచ్చిక బయళ్లు, పూలతోటలు, లండను హైడ్ పార్కు, చివరికి టవర్ కోట కందకం కూడా కూరమళ్లు అయినవి. యుద్ధానికి ముందు సుమారు 8 లక్షలున్న అలాట్‌మెంట్లు 1943 నాటికి సుమారు 14 లక్షలయినవి. కాని తవ్వినవారు ఎవరనుకున్నారు? గుమాస్తాలు, ఫ్యాక్టరీ కూలీలు, ఇల్లాళ్లు. వారిలో చాలామంది అంతకుముందు పార పట్టి ఎరుగరు. ఇక తప్పులు రాకేం చేస్తాయి?

మొదటి తప్పు నేల విషయంలో వచ్చినది. ఏండ్ల తరబడి గడ్డి పెరిగిన నేలను తిరగవేసి, వెంటనే బంగాళాదుంప నాటినారు. అటువంటి నేలలో తీగముక్కవలె సన్నగా, గట్టిగా ఉండే పసుపుపచ్చని పురుగు ఉంటుంది. వైర్‌వర్మ్ అంటారు. అంతవరకు గడ్డివేళ్లు తిన్న పురుగు ఇప్పుడు దుంపలకు బెజ్జాలు వేసినది. మనవైపు పురుగు వేరు కావచ్చు, న్యాయం మాత్రం ఒకటే. బీడు నేలను ముందు తిరగవేసి ఎండనివ్వాలి. పెంట బాగా చివికిన తరువాతే వేయాలి. పచ్చిపేడ వేస్తే వేరుపురుగుకూ చెదలకూ విందు చేసినట్లే.

రెండవ తప్పు అన్నిటికంటె పెద్దది. ఉన్న విత్తనమంతా వసంతంలో ఒక్కరోజే విత్తినారు. వేసవిలో సలాడు ఆకులు, చిక్కుళ్లు, గుమ్మడి జాతి కాయలు గంపలకొద్దీ వచ్చినవి. ఇంట్లో తినలేక, పొరుగున పెట్టబోతే వారింటా అవే! చలికాలం వచ్చేసరికి మడి ఖాళీ. తిండికి అసలు కరువు వచ్చేది ఆ చలికాలంలోనే. అందుకని వ్యవసాయశాఖవారు 90 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు మడికి సంవత్సరం పొడుగునా సరిపోయే పథకం గీసి, కరపత్రంగా పంచినారు. మన లెక్కలో అది ఆరు సెంట్ల పైచిలుకు. ఏ నెలలో ఏది విత్తాలి, ఏది తీసిన చోట ఏది నాటాలి అన్నీ అందులో ఉన్నవి.

ఆ పథకంలోనే మూడవ తప్పుకూ మందున్నది. వేసినచోటనే కేబేజీ మళ్లీ మళ్లీ వేస్తే వేళ్లు బుడిపెలు కట్టి మొక్క కుంగిపోతుంది. ఆ తెగులు నేలలో ఏండ్ల తరబడి కాచుకుని ఉంటుంది. అందుకే మడిని మూడు భాగాలు చేసి, కేబేజీ జాతి ఒక భాగంలో, దుంపలు ఒక భాగంలో, చిక్కుడు, బఠానీ, ఉల్లి ఒక భాగంలో పెట్టి, యేటేటా మార్చమన్నారు. మనకూ ఇది వర్తిస్తుంది. వంగ, టమాటా, మిరప, బంగాళాదుంప ఒకే కుటుంబంవి. వంగ ఎండుతెగులుతో చచ్చిన చోట టమాటా నాటి, “నా చెయ్యి మంచిది కాదు” అనుకుంటే ఏం లాభం? చెయ్యి మంచిదే, చోటు మంచిది కాదన్నమాట.

ఇక ఉల్లి కథ వినండి. ఇంగ్లండుకు ఉల్లి చాలావరకు ఫ్రాన్సు తీరం నుంచీ ఆ పక్క దీవుల నుంచీ వచ్చేది. 1940లో ఆ ప్రాంతాలు జర్మనుల చేతిలో పడినవి. ఉల్లిగడ్డ ఎంత అపురూపమయినదంటే, కచేరీలలో ఒక్క గడ్డను లాటరీ వేసి పాడుకున్నారు! అందరూ ఉల్లి వేయబోయినారు. ఆలస్యంగా విత్తినవారికి గడ్డ ఊరలేదు. ఉల్లికి అదను ముఖ్యం, రకమూ ముఖ్యం. పగలు ఎక్కువగా ఉండే చలిదేశాల రకం మనవద్ద ఆకు వేస్తుందే గాని గడ్డ కట్టదు. అందమయిన పొట్లం చూసి మోసపోవద్దు సుమా! ఉల్లి విత్తనం త్వరగా మొలకశక్తి కోల్పోతుంది, నిరుటిదయితే పరీక్షించి మరీ చల్లండి.

ఈ తప్పులను దిద్దినది దండించే అధికారులు కారు. వారిలో ముఖ్యుడు మిడిల్టన్ అనే తోటమాలి కొడుకు. 1931 నుంచి రేడియోలో మాట్లాడినాడు. యుద్ధకాలంలో ఆదివారం మధ్యాహ్నం ఆయన మాటకోసం లక్షలమంది చెవులొగ్గేవారు. పక్కింటి పెద్దమనిషివలె, నవ్వుతూ, ఈ వారం చేయవలసిన పని మాత్రమే చెప్పేవాడు. 1945లో, యుద్ధం ముగిసిన కొద్ది రోజులకే చనిపోయినాడు.

మరి ఆ రోజులలో మన సంగతి? 1942లో బర్మా జపానువారి వశమై, అక్కడి బియ్యం ఆగిపోయినది. 1943లో బెంగాలు కరువులో లక్షలమంది అన్నమో రామచంద్రా అంటూ ప్రాణాలు వదిలినారు. మన పాలకులదీ ఇంగ్లండు ప్రభుత్వమే. అక్కడి పౌరుని చేతికి పథకమూ రేషను కార్డూ అందినవి. ఇక్కడి కూలివానికి గంజి కూడా అందలేదు. ఈ మాట చెప్పకుండా ఆ ఉద్యమాన్ని పొగడడం న్యాయం కాదు. ఇక్కడా ‘అధికాహారోత్పత్తి’ ఉద్యమం నడిపినారు. “పండించండి” అన్న కేక గట్టిగానే వినబడినది. ఏది, ఎట్లా, ఏ నీటితో అని పక్కన నిలబడి చెప్పేవారే కరువయినారు. 1952లో వి. టి. కృష్ణమాచారి అధ్యక్షతన కూర్చున్న విచారణ సంఘం ఈ లోపాన్నే ఎత్తి చూపినది. పల్లె సమస్యలన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నవనీ, రైతు వద్దకు నిత్యం వెళ్లే విస్తరణ యంత్రాంగం కావాలనీ చెప్పినది. 1953 అక్టోబరు 2న జాతీయ విస్తరణ సేవ మొదలయినది. గ్రామసేవకుడు సైకిలెక్కి ఊళ్లోకి వచ్చినాడు.

కనుక విస్తరణ మిత్రులారా, పొట్లం చేతికిచ్చి ఫోటో తీసుకుంటే పని అయిపోదు. మొలక రాని పదోరోజున ఆ ఇంటి గడప తొక్కండి. ఆనాడు మీరు చెప్పిన మాటే నిలుస్తుంది.

పెరటిలోనో మిద్దె మీదనో కొత్తగా తోట వేయబూనిన వారికి చివరగా ఒక మాట. ఎండ పడే చోటు చూసుకోండి. మంచమంత మడితో మొదలుపెట్టండి. తోటకూర విత్తనం ఇసుకలో కలిపి పలుచగా చల్లండి, చిక్కగా వచ్చినచోట పీకి కూర వండుకోండి. పదిహేను రోజులు ఆగి ఇంకో మడి చల్లండి. వేలు పెట్టి మట్టి తడి చూసిన తరువాతే నీరు పోయండి. ఏది ఎప్పుడు వేసినారో గోడమీద కేలెండరులో రాసుకోండి. తప్పు జరిగితే సిగ్గుపడనక్కరలేదు. పచ్చిక తవ్విన ఆ గుమాస్తాలూ మొదట తప్పినవారే. మరుసటి యేడు మళ్లీ పార పట్టినారు, అదే వారి గొప్ప.